కత్తెర పట్టే చేతికి ఒప్పందపత్రం ఏది?

జంషెడ్‌పూర్‌లో "అప్రెంటిస్" అన్న మాటకు అర్థం చెప్పవలసిన అవసరం లేదు. అక్కడి తెలుగు కుటుంబాలలో అక్షరం రాని ముసలమ్మకు కూడా ఆ మాట తెలుసు. మనుమడు పదవ తరగతి గట్టెక్కగానే అప్రెంటిస్ ప్రకటన ఎప్పుడు పడుతుందని ఆమె ఆరా తీస్తుంది. శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల నుండి పొట్ట చేతబట్టుకొని వెళ్లినవారి బిడ్డలకు కార్ఖానా గేటు దాటడానికి దొరికిన తొలి మెట్టు అది. 1907లో టాటా ఉక్కు సంస్థ స్థాపితమైన ఆ గడ్డమీద 1921 నాటికే జంషెడ్‌పూర్ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ వెలసింది. 1945లో టెల్కో వచ్చింది. 2003 నుండి దాని పేరు టాటా మోటార్స్ అయినప్పటికీ, ఊరి నోట ఆ ప్రాంతం నేటికీ టెల్కోయే. దాని సమీపాన ఉన్న గోవింద్‌పూర్‌లో కార్ఖానా అప్రెంటిస్ అంటే ఒక ఒప్పందపత్రం, నెలనెలా స్టైపెండ్, గడువు ముగిసిన పిమ్మట ఒక సర్టిఫికేట్.

అదే గోవింద్‌పూర్ బజారులో, రెండు కుర్చీల క్షౌరశాలలో, మరొక అప్రెంటిస్ ఉంటాడు. అతనికి పై మూడింటిలో ఒక్కటీ లేదు. ఉదయం అందరికంటె ముందు వచ్చి తలుపు తీసేవాడు అతడే. రాత్రి అందరికంటె వెనుక ఊడ్చి తాళం వేసేవాడూ అతడే. పండుగ ముందురోజు, పెళ్లిళ్ల కాలంలో అతనికి గడియారంతో పని లేదు. ఏమిస్తున్నారని అడిగితే "పని నేర్పుతున్నారు గదా" అన్నదే జవాబు. ఈ ఇద్దరు అప్రెంటిసుల మధ్య దూరం అర మైలు కూడా ఉండదు. చట్టం దృష్టిలో మాత్రం ఒకడు కనబడుతున్నాడు, రెండవవాడు కనబడడం లేదు. ఈ సంచికలో మేము ఆ రెండవవాని గురించి ప్రస్తావించదలచాము.

ఇంతకు ముందు కార్మిక పత్రికలు ఈ ప్రశ్నను పెద్దగా పట్టించుకోలేదు. కార్ఖానా కార్మికుని కొడుకు కార్ఖానాకే పోతాడనీ, క్షురకుని కొడుకు కత్తెరే పడతాడనీ అందరూ అనుకున్నారు. ఆ రెండు ఊహలూ నేడు తారుమారు అవుతున్నాయి. కార్ఖానాలో శాశ్వతోద్యోగం దుర్లభమైంది. అప్రెంటిస్ గడువు ముగిసినవానికి ఉద్యోగం ఇచ్చి తీరవలెనన్న నిర్బంధం 1961 నాటి అప్రెంటిసుల చట్టంలోనే లేదు. టెల్కో ప్రాంతంలో "బై-సిక్స్" అనే పేరుతో తాత్కాలిక కార్మికులుగా ఏళ్లు గడిపినవారి కథ ఆ ఊరిలో ప్రతి గడపకూ తెలిసినదే. ఫలితంగా, కులవృత్తితో ఎట్టి సంబంధమూ లేని కుటుంబాల పిల్లలు కూడా నేడు క్షౌరశాల మెట్లెక్కి పని నేర్పమని అడుగుతున్నారు. మరొక ప్రక్కన, తరతరాలుగా ఆ వృత్తిలో ఉన్న కుటుంబాల పిల్లలు దానిని విడిచి వెళ్లాలని ఆరాటపడుతున్నారు. వృత్తి చేతులు మారుతున్న ఈ సంధికాలంలో, దానిని నేర్చుకొనే పద్ధతి మాత్రం పాతదే మిగిలింది.

ఆ పద్ధతి ఎట్టిదో వివరంగా చూడవలసి ఉన్నది. కుర్రవాడు ఎవరో ఒకరి మాటసాయంతో షాపులో చేరతాడు. ప్రకటన ఉండదు, దరఖాస్తు ఉండదు. తండ్రి స్నేహితుడో, ఇరుగింటివారో "ఉస్తాద్"తో ఒక మాట చెబుతారు. తెలుగింటి కుర్రవానికి ఇది ఇంకొంత కష్టం. షాపు యజమానులలో బీహారు, ఉత్తరప్రదేశ్ మూలాలవారు అధికం. ఎవరి బంధువర్గం నుండి వారు కుర్రవాళ్లను తెచ్చుకోవడం ఎక్కడైనా ఉన్నదే. చేరిన తరువాత మొదట చేతికి వచ్చేది కత్తెర కాదు, చీపురు. రాలిన వెంట్రుకలు ఎత్తడం, తువ్వాళ్లు ఉతకడం, వేడినీళ్లు పెట్టడం, టీ తేవడం. ఆ తరువాత నురగ పట్టించడం, తలకు నూనె మర్దన. తరువాత గడ్డం గీయడం. గాలి బుడగకు నురగ రాసి, అది పేలకుండా కత్తితో గీయడం చాలాచోట్ల అభ్యాసం. బుడగ పేలనినాడు ఒక మనిషి చెంప అప్పగిస్తారు. అదీ ఎవరో కాదు, బేరమాడి సగం ధరకు ఒప్పుకొన్న బీదవాడో, షాపు ముందర నిలబడే రిక్షావాడో. మిషనుతో మెడ వెనుక శుభ్రం చేయడం, దువ్వెనమీద కత్తెర ఆడించడం, చివరకు పూర్తి క్షవరం. ఇంతదూరం రావడానికి ఒకనికి ఏడాది పడుతుంది, మరొకనికి మూడేళ్లు. అది కుర్రవాని తెలివిపై కంటె, ఉస్తాద్ ఎప్పుడు కత్తెర వదులుతాడన్న దానిపై ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ఇది తేలిక విద్య అని అనుకొనేవారు ఒకసారి పదిగంటలు నిలబడి చూడాలి. చేయి పైకెత్తి పనిచేసే ఆ భుజం నొప్పి, కాళ్లలో ఉబ్బే నరాలు, జుట్టు రంగుల రసాయనాలతో వేళ్లమీద లేచే పొక్కులు ఈ వృత్తి ఇచ్చే బహుమానాలు. బ్లేడు మార్చకపోతే కామెర్లను కలిగించే హెపటైటిస్-బి వంటి వ్యాధులు ఒకరి నెత్తురు నుండి మరొకరికి సోకగలవు. తన వేలు కోసుకొన్న కుర్రవానికి ఆ ప్రమాదం ఖాతాదారుకు ఎంతో అంతే. ఐతే ఈ సంగతి అతనికి చెప్పేవారెవరు? పటిక రుద్ది మళ్లీ పనిలోకి దింపుతారు.

షాపు యజమానిని దోషిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. రెండు కుర్చీలలో ఒకదాని వెనుక తానే నిలబడి పనిచేసే మనిషిని పెట్టుబడిదారు అనడం హాస్యాస్పదం. అద్దె కట్టి, కరెంటు బిల్లు కట్టి, మిగిలినదానితో ఇల్లు నడిపే శ్రామికుడే అతడు. తానూ ఒకనాడు జీతం లేకుండా చీపురు పట్టినవాడే. కనుకనే తన దగ్గరకు వచ్చిన కుర్రవానికీ అదే న్యాయమని నమ్ముతాడు. ఈ గొలుసును మాటలతో తెంచలేము.

మరి చట్టం ఏమంటున్నది? 1961 చట్టం పదునాలుగేళ్లు నిండినవారిని అప్రెంటిసులుగా తీసుకొనడానికి అనుమతిస్తుంది. మైనరైతే సంరక్షకుడు సంతకం చేయాలి. ఒప్పందాన్ని అప్రెంటిస్‌షిప్ సలహాదారు వద్ద నమోదు చేయాలి. పనిలో గాయపడితే నష్టపరిహారపు బాధ్యత యజమానిదే. 2014 సవరణ తరువాత, ప్రభుత్వ జాబితాలో లేని వృత్తులలో సైతం "ఐచ్ఛిక వృత్తి" పేరిట శిక్షణ ఇచ్చే వీలు కలిగింది. 2019 నిబంధనల ప్రకారం అయిదు నుండి తొమ్మిది తరగతుల వరకు చదివినవారికి నెలకు కనీసం 5,000 రూపాయలు, పది ఉత్తీర్ణులైనవారికి 6,000 రూపాయల స్టైపెండ్ నిర్ణయించారు. దీనిని 36 శాతం పెంచవలెనని కేంద్ర అప్రెంటిస్‌షిప్ మండలి 2025 మే నెలలో సిఫారసు చేసింది. 2016లో ప్రారంభమైన జాతీయ అప్రెంటిస్‌షిప్ ప్రోత్సాహక పథకం క్రింద, స్టైపెండ్‌లో నాలుగవ వంతు, నెలకు 1,500 రూపాయలకు మించకుండా, కేంద్ర ప్రభుత్వమే భరిస్తుంది.

చదవడానికి ఇంపుగానే ఉన్నది. ఐతే ఆ 2019 నిబంధనలలోనే అసలు చిక్కు దాగి ఉన్నది. ముప్పై మంది లేక అంతకు మించి పనివారు ఉన్న సంస్థలు అప్రెంటిసులను తప్పనిసరిగా తీసుకోవాలి. నలుగురు మొదలు ఇరవై తొమ్మిది మంది వరకు ఉన్నవి ఇష్టమైతే తీసుకోవచ్చు. నలుగురికి లోపు ఉన్న సంస్థకు ఆ ఇష్టం కూడా లేదు! గోవింద్‌పూర్ క్షౌరశాల యజమాని మహాధర్మాత్ముడై, "నా కుర్రవానితో ఒప్పందం చేసుకొంటాను, స్టైపెండ్ ఇస్తాను, కాగితం ఇవ్వండి" అని వచ్చినా, అతని షాపు చిన్నదన్న కారణంగా చట్టం తలుపు మూసివేస్తుంది. దేశంలో ఈ వృత్తిని అత్యధికులు నేర్చుకొనేది సరిగ్గా అట్టి షాపులలోనే. వృత్తి ఎక్కడ ఉన్నదో చట్టం అక్కడ లేదు. పెద్ద పెద్ద అద్దాల సెలూన్ కంపెనీలకు ఈ పథకపు ధనం అందవచ్చును. రెండు కుర్చీలవానికి అందదు.

ఇక్కడ ఒక సూక్ష్మం కలదు. దానిని మన శాఖల కార్యకర్తలు శ్రద్ధగా గమనించవలెనని కోరుతున్నాము. చట్టం నిర్వచనం ప్రకారం అప్రెంటిస్ అనగా అప్రెంటిస్‌షిప్ ఒప్పందం క్రింద శిక్షణ పొందుతున్న వ్యక్తి. అట్టివాడు కార్మికుడు కాడని ఆ చట్టమే అంటున్నది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన నాలుగు కార్మిక కోడ్‌లను కేంద్ర కార్మిక సంఘాలలో అనేకం వ్యతిరేకించాయి. ఆ వ్యతిరేకతకు కారణాలు అట్లే ఉన్నవి. అయినప్పటికీ వేతనాల కోడ్‌లో కార్మికుని నిర్వచనం నుండి మినహాయించినది 1961 చట్టం క్రింది అప్రెంటిసును మాత్రమే. కాబట్టి ఒప్పందమే లేనివాడిని "అప్రెంటిస్" అని పిలిచినంత మాత్రాన అతడు అప్రెంటిస్ కాజాలడు. ఊడ్చి, ఉతికి, గడ్డాలు గీసి షాపుకు ఆదాయం తెచ్చిపెట్టేవాడు కార్మికుడే, కనీస వేతనానికి అర్హుడేనని మా అభిప్రాయం. పేరు మార్చి జీతం ఎగవేసే వీలు చట్టంలో లేదు. పదునాలుగేళ్లు నిండని పిల్లవాడైతే ప్రశ్నే లేదు. 2016లో సవరించిన బాలకార్మిక చట్టం అట్టివానిని ఏ పనిలోనూ పెట్టరాదంటున్నది. సొంత కుటుంబ వ్యాపారంలో బడి వేళల తరువాత సాయపడవచ్చునన్న మినహాయింపు కలదు గాని, "మా మేనల్లుడే, ఇంటిపిల్లవాడే" అనే సాకుతో పన్నెండేళ్లవానిని రోజంతా నిలబెట్టడానికి అది అనుమతి కాదు.

కులం ప్రస్తావన లేకుండా ఈ విషయం పూర్తి కాదు. మన తెలుగునాట నాయీ బ్రాహ్మణ కుటుంబాలు కత్తెరతోబాటు నాదస్వరం, డోలు, మూలికా వైద్యం మోసిన కుటుంబాలు. పెళ్లి వారి వాద్యం లేనిదే సాగదు. ఆ పెళ్లి పందిట్లో వారి పంక్తి మాత్రం వేరు. వృత్తి పేరును తిట్టుగా వాడిన సంఘం మనది. పొది భుజాన వేసుకొని ఇంటింటికీ తిరిగి, ఏడాదికొకసారి కొలిచే గింజలకోసం కళ్లం దగ్గర చేయి చాచిన తాతను చూసిన మనుమడు ఆ వృత్తిపట్ల విముఖుడైతే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఈ సందర్భంలో టెల్కో ప్రాంతపు కార్మికులు ఒక సంగతి మరువరాదు. 1970లో టెల్కో కార్మికుల పక్షాన ఇరవై ఎనిమిది రోజులు ఆమరణ నిరాహారదీక్ష పట్టిన నాయకుడు కర్పూరీ ఠాకూర్. ఆ ఏడాది చివరనే ఆయన బీహారు ముఖ్యమంత్రి అయినాడు. జంషెడ్‌పూర్ అప్పుడు బీహారులో భాగం. జార్ఖండ్ ఏర్పడినది 2000 నవంబరులో. ఆయన పుట్టినది క్షురక వృత్తి కుటుంబంలో. 2024లో ఆయనకు భారతరత్న ప్రకటించినప్పుడు అన్ని పార్టీలవారూ పూలదండలు వేసినారు. క్షురకుని బిడ్డ కార్ఖానా కార్మికులకోసం ఇరవై ఎనిమిది రోజులు పస్తున్నాడు. కార్ఖానా కార్మికుల సంఘాలు క్షౌరశాలలో నిలబడ్డ కుర్రవానికోసం ఇంతవరకు ఏమి చేసినవి?

ప్రభుత్వం చేసినది పరిశీలిద్దాం. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో క్షురక వృత్తి ఒకటి. పనిముట్లకు 15,000 రూపాయలు, అయిదు నుండి ఏడు రోజుల ప్రాథమిక శిక్షణ, శిక్షణ కాలంలో రోజుకు 500 రూపాయలు, అయిదు శాతం వడ్డీకి మొదట లక్ష, పిదప రెండు లక్షల ఋణం. ఇది ఇప్పటికే చేయి తిరిగి, సొంతంగా పనిచేసుకొంటున్నవారికి ఉపయోగపడే సాయం. దానిని మేము తక్కువ చేయము. ఐతే పద్దెనిమిదేళ్లు నిండాలి, ముందే ఆ వృత్తిలో ఉండాలి. నేర్చుకోవాలని వచ్చినవానికి ఇందులో స్థానం లేదు. అయిదు రోజులలో ఏ ఉస్తాదూ ఎవనినీ క్షురకుని చేయలేడు. అదీగాక, కుటుంబ పరంపరగా వచ్చే వృత్తి అన్న షరతును తొలగించాలనీ, కనీస వయసును 35కు పెంచాలనీ కోరుతూ తమిళనాడు ముఖ్యమంత్రి 2024 నవంబరులో కేంద్రానికి లేఖ వ్రాసి, ఆ రూపంలో పథకాన్ని అమలు చేయబోమన్నారు. వయసు విషయంలో మాకు భిన్నాభిప్రాయం ఉన్నది. పరంపర షరతు విషయంలో ఆ అభ్యంతరం న్యాయమైనదే. కార్ఖానా కూలీ కూతురికి కత్తెర పట్టాలని ఉంటే, ఆమె తాత ఏమి చేసేవాడని అడగడం ఎందుకు?

కూతురని ఊరకే అనలేదు. ఆడపిల్లలకు ఈ వృత్తి బ్యూటీ పార్లర్ పేరుతో తెరుచుకొన్నది. తిరుమల కల్యాణకట్టలోనే స్త్రీలు క్షురకులుగా పనిచేస్తున్నారు. కాని పార్లర్లలో దోపిడీ రూపం వేరు. అక్కడ జీతం లేకపోవడమే కాదు, నేర్చుకొనే పిల్లే ఫీజు కట్టాలి. అకాడమీ అని బోర్డు పెట్టి వేలకు వేలు వసూలు చేసి, ఆ పిల్లచేతనే ఖాతాదారులకు పని చేయించి, ఆ డబ్బూ తామే తీసుకొనే సంస్థలు పట్టణాలలో కొల్లలుగా పుట్టుకొచ్చినవి. ఆ సర్టిఫికేటును గోడకు తగిలించుకొనవచ్చును. ఉద్యోగం వచ్చే పూచీ లేదు. దీనికంటె ప్రభుత్వ గుర్తింపు గల ఐ.టి.ఐ.లో పదవ తరగతి తరువాత చేరదగిన ఏడాది కాస్మెటాలజీ కోర్సు నయం. దగ్గరలో ఏ ఐ.టి.ఐ.లో ఆ కోర్సు ఉన్నదో విచారించి, ఫీజు కట్టేముందు అక్కడ ప్రయత్నించమని తల్లిదండ్రులకు మా సలహా.

చిన్న షాపులలో పద్ధతి ప్రకారం అప్రెంటిస్‌షిప్ అసాధ్యమని అనేవారు జర్మనీని చూడవచ్చును. అక్కడా క్షౌరశాలలు అధికభాగం చిన్నవే. అయినా ఈ వృత్తిలో శిక్షణ మూడేళ్లు. షాపులో పని, వృత్తి పాఠశాలలో చదువు రెండూ కలిసి నడుస్తాయి. ఒప్పందాన్ని హస్తవృత్తుల మండలి తన పట్టికలో నమోదు చేస్తుంది. షాపు నడపడానికి సాధారణంగా "మాస్టర్" అర్హత కావాలి. అక్కడ కూడా క్షురక అప్రెంటిసులకు ముట్టేది చాలకాలం అత్యల్పమే. 2020 జనవరి 1 నుండి చట్టం కనీస శిక్షణ వేతనం నిర్ణయించి, తొలి ఏటికి నెలకు 515 యూరోలకు తగ్గరాదన్నది. చిన్న షాపు ఒంటరిగా మోయలేని నమోదు, పరీక్ష, సర్టిఫికేటు బాధ్యతను మండలి మోస్తున్నది. మనకు లోపించినది ఆ మండలి వంటిదే.

అది లేనిచోట సంఘం ఆ పని మొదలుపెట్టవచ్చునని మేము భావిస్తున్నాము. పలువురు యజమానులు కలసి, అప్రెంటిసులను ఒక షాపు నుండి మరొక షాపుకు మారుస్తూ శిక్షణ ఇవ్వవచ్చునని 1961 చట్టంలోనే ఒక వీలు ఉన్నది. గోవింద్‌పూర్ బజారులోని పది షాపులు కలసి ఒక జట్టుగా ముందుకు వస్తే, నలుగురి పరిమితి గోడను ఆ దారిన దాటగలమేమో అప్రెంటిస్‌షిప్ సలహాదారును వ్రాతమూలకంగా అడగవలెను. కాదంటే ఆ జవాబునే పట్టుకొని నిబంధన సవరణకు ఆందోళన చేయవలెను. ఒక షాపులో గడ్డం, మరొక షాపులో రంగులు, ఇంకొక షాపులో స్త్రీల కేశాలంకరణ నేర్చిన కుర్రవానికి ఒక్క ఉస్తాద్ దయమీద బ్రతకవలసిన అవసరమూ తప్పుతుంది.

ఈలోగా కాగితం మీద పెట్టదగిన కొన్ని మాటలు ఉన్నవి. వీటికి ఏ అధికారి ముద్రా అక్కరలేదు. జంషెడ్‌పూర్‌లోని మన సంఘాల కార్యాలయాలు ఒక నమూనా పత్రం తయారుచేసి, తెలుగులోనూ హిందీలోనూ అచ్చువేసి, యజమానికీ కుర్రవాని తండ్రికీ చెరొకటి ఇవ్వాలి. ఎన్ని నెలలలో గడ్డం, ఎన్ని నెలలలో క్షవరం నేర్పాలో అందులో ఉండాలి. వారానికొక సెలవు, రోజుకు పని గంటలు, మొదటి నెల నుండి ముట్టే సొమ్ము, కత్తెర చేతికి వచ్చిన నాటి నుండి కుర్చీ సంపాదనలో వాటా ఉండాలి. పూర్తిగా పని నేర్చినవారికి సగం-సగం పంపకం చాలాచోట్ల ఆచారంలో ఉన్నదే. నేర్చుకొనేవానికి మూడవవంతు ఇవ్వడం షాపుకు భారం కాదు. ఒక్కొక్క గడ్డానికి ఒక కొత్త బ్లేడు, రంగులు కలిపేటప్పుడు చేతితొడుగులు షాపు ఖర్చే కావాలి. పదహారేళ్లు నిండినవారి పేరు 2021లో ప్రారంభమైన ఇ-శ్రమ్ పట్టికలో చేర్పించాలి. అందుకు పదహారు నుండి యాభై తొమ్మిదేళ్లవారు అర్హులు.

షాపు వెతుక్కొనే యువకులకు కూడా ఒక మాట. చేరేముందు రెండు రోజులు ఖాతాదారుగా వెళ్లి కూర్చోండి. అక్కడ ఇదివరకే ఉన్న కుర్రవాడు ఎంతకాలం నుండి చీపురుతో ఉన్నాడో కనుక్కోండి. రెండేళ్లయినా అతని చేతికి కత్తెర రాకపోతే, మీకూ రాదు. ఆ షాపులో నేర్చి బయటకు వెళ్లి సొంత కుర్చీ వేసుకొన్నవాడు ఒక్కడైనా ఉన్నాడా అని వీధిలో అడగండి. ఉంటే వెళ్లి అతనితో మాట్లాడండి. బ్లేడు మారుస్తున్నారో లేదో మీ గడ్డం మీదనే తెలుస్తుంది.

పత్రంలో చివరి అంశంగా పనిముట్ల విషయం చేర్చవలెనని మా సూచన. నేర్చుకొనే కాలంలో వాడే కత్తెర, దువ్వెనలు, మిషను షాపువే అయినా, గడువు పూర్తి చేసినవానికి ఒక జత కత్తెరలు, ఒక కత్తి, తాను ఇంతకాలం ఇక్కడ పనిచేసి ఇవి ఇవి నేర్చినాడని ఉస్తాద్ సంతకంతో ఒక కాగితం ఇచ్చి పంపాలి. జత కత్తెరల ధర షాపుకు ఒకటి రెండు రోజుల ఆదాయం. ఆ సంతకానికి ఖర్చే లేదు.